గ్లాసులోకి వచ్చిన బోరు నీళ్లు

ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో పొద్దున్నే కాఫీ తాగి, ఇంటర్‌స్టేట్ 10 ఎక్కి, టూసాన్ దాటి తూర్పుకి పోతే ఇంచుమించు మూడు గంటల్లో విల్‌కాక్స్ వస్తుంది. అరిజోనా ఆగ్నేయ మూల, కొచీస్ కౌంటీలో ఊరు. జనం మూడు వేల చిల్లర. రైలు పట్టాలకి ఎదురుగా రైల్‌రోడ్ అవెన్యూ అని ఒక వీధి, ఆ పక్కనే 1880 నాటి పాత రైల్వే స్టేషన్. ఒకప్పుడు ఇక్కణ్నుంచి పశువుల్ని రైలెక్కించి దేశం నలుమూలలకీ పంపేవాళ్లు. కౌబాయ్ కాలంలో తుపాకి పోరుకి పేరుమోసిన పోలీసు వయట్ అర్ప్ తమ్ముడు వారెన్ 1900లో తుపాకి దెబ్బకి చచ్చిపోయింది ఈ ఊరి సెలూన్‌లోనే. (ఆ సెలూన్ జుట్టు కత్తిరించేది కాదు, మందు పోసేది.) ఇప్పుడు ఆ వీధిలో, చుట్టుపక్కల పాత భవనాల్లో వైన్ టేస్టింగ్ రూములు వెలిశాయి.

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టుకున్న దుకాణంలో దొరకడం కష్టమైన సరుకు ఏదైనా ఉందంటే అది వైనే. అందుకేనేమో, విల్‌కాక్స్ పోయొచ్చానంటే మనవాళ్లు నవ్వుతారు. ఎడారిలో తాగడానికి నీళ్లే ఉండవు, వైన్ ఎక్కడిది అంటారు. నవ్వు సంగతి ఎలా ఉన్నా ప్రశ్న సరైందే. టేస్టింగ్ రూమ్ అంటే వారాంతపు సరదా గది అనుకుంటాం. నా లెక్కలో అది, ఒక రైతు తన బోరు నీళ్లకి గిట్టుబాటు ధర రాబట్టుకోవడానికి పెట్టుకున్న కౌంటరు.

లోపల జరిగే తతంగం పెద్దదేం కాదు. పది పదిహేను డాలర్లు, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ కడితే నాలుగైదు రకాలు వరసగా పోస్తారు. ఒక్కోటీ రెండు గుక్కలు. తెల్లవాటితో మొదలై ముదురు ఎరుపుతో ముగుస్తుంది. కౌంటరు మీద చిన్న బకెట్టు ఉంటుంది, నోట్లో తిప్పి ఉమ్మేయడానికి, గ్లాసులో మిగిలింది ఒంపేయడానికి. డబ్బిచ్చి కొన్నది పారబోయడమా అని మనవాళ్లు దాని జోలికి పోరు. పోసే మనిషి చాలాసార్లు తోట యజమానో, ఆ ఇంటివాళ్లో అయి ఉంటారు. ముందు పీపాల గురించి, పండ్ల వాసనల గురించి చెబుతారు. ఈ ఏడు కాపు ఎలా ఉందని అడిగి చూడండి, ఏప్రిల్‌లో చిగుళ్లని మాడ్చేసిన మంచు దగ్గర మొదలుపెట్టి ఆగస్టు వడగళ్ల దాకా ఆగరు. మా అనంతపురం వైపు రచ్చబండ మీద కూర్చున్నట్టే ఉంటుంది.

మూడు గదులు తిరిగితే పదిహేను పోతలవుతాయి, వెనక్కి మూడు గంటల డ్రైవింగ్ ఉంది. అరిజోనా డీయూఐ చట్టం, అంటే తాగి బండి నడపడం మీదున్న చట్టం, అమెరికాలోని కఠినమైన వాటిలో ఒకటి. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే నేరం, చేరకపోయినా మత్తు వల్ల నడపడం ఏ కాస్త దెబ్బతిన్నా నేరమే. మొదటిసారి శిక్ష పడినా కనీసం ఒక రోజు జైలు ఉంటుంది. హెచ్1బీ వాళ్లకి ఇంకో చిక్కు, కోర్టు తీర్పు రాకుండానే అరెస్టు ఆధారంగా వీసా రద్దు చేసే అధికారం విదేశాంగ శాఖకి ఉంది. ఆ బకెట్టు ముందు మొహమాటం పనికిరాదు.

ఇక లెక్కలోకి వద్దాం. 1933లో దేశవ్యాప్త మద్యనిషేధం ఎత్తేశాక అమెరికా రాష్ట్రాలు చాలావరకు మూడంచెల పద్ధతి పెట్టుకున్నాయి. తయారుచేసేవాడు డిస్ట్రిబ్యూటర్‌కి అమ్మాలి, డిస్ట్రిబ్యూటర్ దుకాణానికి అమ్మాలి, దుకాణం మనకి అమ్మాలి. లక్షల పెట్టెలు అమ్మే కంపెనీకి ఇది వాటమైన పద్ధతే. ఇరవై ఎకరాల తోట ఉన్నవాడి పీకకి మాత్రం ఉరి. ముప్పై డాలర్ల సీసాలో సగం దాకా మధ్యవాళ్లకే పోతుంది, అదీ అంత తక్కువ సరుకుని డిస్ట్రిబ్యూటర్ పట్టించుకుంటేనే. పైగా అదే అరలో కాలిఫోర్నియా సీసా పది డాలర్లకి కూర్చుని ఉంటుంది. ధరలో విల్‌కాక్స్ ఎప్పటికీ గెలవలేదు.

అరిజోనా ఇచ్చే ఫార్మ్ వైనరీ లైసెన్సు ఈ మూడంచెల్ని దాటనిస్తుంది. పండించినవాడే పులియబెట్టి, సీసాల్లో పట్టి, తన కౌంటరు మీద నేరుగా అమ్ముకోవచ్చు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు తెరిచినప్పుడు అనుకున్నదీ ఇదే, దళారీ లేకుండా రైతూ కొనేవాడూ ఎదురుబొదురు నిలబడాలని. అయితే టమాటాకి సాయంత్రం దాకే ఆయుష్షు. మిగిలితే రోడ్డు పక్కన పోసి పోవాల్సిందే. వైన్ ఆగుతుంది, ఆగడమే దాని వ్యాపారం. ఊరికే లెక్కకోసం అనుకుందాం. టన్ను ద్రాక్షని పండుగానే రెండు వేల డాలర్లకి అమ్మారు. అదే టన్నుకి సుమారు ఏడు వందల సీసాలు వస్తాయి, ముప్పై చొప్పున ఇరవై ఒక్క వేలు. పీపాలు, సీసాలు, కూలీ, అద్దె, రెండేళ్ల వడ్డీ అందులోంచి పోవాలి, చాలానే పోతుంది. అయినా రెండో లెక్కలో రైతు చేతిలో బేరం ఉంది, మొదటిదాంట్లో లేదు.

అరిజోనాలో పండే వైన్ ద్రాక్షలో ముప్పాతిక వంతు దాకా విల్‌కాక్స్ చుట్టుపక్కలదే. జనం మాత్రం ఉత్తరాన సెడోనా పక్కనున్న వెర్డె లోయకి పోతారు, కాటన్‌వుడ్ పాతబజారుకి, కొండకి వేలాడుతున్నట్టుండే జెరోమ్‌కి. టూల్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు మేనార్డ్ జేమ్స్ కీనన్ టేస్టింగ్ రూమ్ జెరోమ్‌లో ఉంది, తోట ఒకటి విల్‌కాక్స్‌లో ఉంది. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు, పర్యాటకులున్న చోటే ఎవరైనా కొట్టు పెడతారు. విల్‌కాక్స్ పండు నాలుగైదు గంటలు లారీలో పోయి వేరే ఊరి గ్లాసులో విలువ సంపాదించుకుంటోందంటే, రైల్‌రోడ్ అవెన్యూలో ఆ గదులెందుకు తెరిచారో వేరే చెప్పక్కర్లేదు. 2016లో ఫెడరల్ ప్రభుత్వం విల్‌కాక్స్‌ని ప్రత్యేక ద్రాక్ష ప్రాంతంగా గుర్తించింది, మన జీఐ ట్యాగు లాంటిదనుకోండి. దీనికి నైరుతిన, యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా నేలల శాస్త్రవేత్త గోర్డన్ డట్ 1970లలో తొలి ప్రయోగాలు చేసిన సొనోయిటాకి ఆ గుర్తింపు 1984లోనే వచ్చింది. లేబుల్ మీద పేరు పడింది సరే, మనుషులు ఊళ్లో కాలు పెట్టాలంటే కూర్చోడానికో చోటు కావాలి.

ఎడారిలో ద్రాక్ష ఎలా అంటే, ఎత్తు వల్ల. ఊరు సముద్రమట్టానికి 4,167 అడుగులు, దాదాపు మన హార్స్‌లీ హిల్స్ అంత. పగలు మాడినా రాత్రికి చలి దిగుతుంది. పగటి వేడికి పండులో తీపి ఎక్కుతుంది, రాత్రి చలికి పులుపు చావకుండా నిలబడుతుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఏడాదంతా కలిపి పడే 300 పైచిలుకు మిల్లీమీటర్ల వానలో పెద్దభాగం జులై నుంచి సెప్టెంబరు లోపు, సరిగ్గా పండు మగ్గే రోజుల్లో కురుస్తుంది. అక్కడా దాన్ని మాన్సూన్ అనే అంటారు. నీళ్లు కావాల్సినప్పుడు రావు, వద్దన్నప్పుడు వడగళ్లతో వస్తాయి.

తాగినవాటిలో నాకు నచ్చింది మాల్వాసియా అనే తెల్లరకం. గ్లాసు ముక్కు దగ్గరికి తెస్తే నిమ్మపూత వాసన, నోట్లో మాత్రం తీపి ఉండదు. సిరా, గ్రెనాష్, మూర్వెద్ లాంటి ఎర్రవి కూడా ఈ ఎండకి బాగానే ఒదిగాయి. కొన్ని గదుల్లో మాత్రం పీపా చెక్క తప్ప ఇంకేం తగల్లేదు. ముప్పై డాలర్లు పెట్టి కొనదగినవి పదిలో మూడో నాలుగో. ఊరి మీద అభిమానంతో ఆ సంఖ్య పెంచి చెప్పను.

అసలు కథ గ్లాసులో కాదు, దాని కింద ఉంది. విల్‌కాక్స్ లోయ ఒక మూసుకుపోయిన గిన్నె. చిరికావా, డోస్ కబేసాస్, పినలేనో, డ్రగూన్ కొండలు చుట్టూ గోడల్లా ఉంటాయి. పడిన వాన బయటికి పోదు, నడిమధ్య ప్లాయా అనే ఎండిపోయిన చెరువులోకి దిగి ఆవిరైపోతుంది. చలికాలంలో శాండ్‌హిల్ కొంగలు వేలల్లో వచ్చి వాలేది అక్కడే. కొలరాడో నది కాలువ ఇక్కడికి రాదు. ఊరికీ, తోటకీ, పశువుకీ ఉన్న దిక్కు బోరు ఒక్కటే. పశువుల మేతకి వేసే అల్ఫాల్ఫా గడ్డి, మొక్కజొన్న, పికాన్, పిస్తా తోటలు, మిన్నెసోటా నుంచి వచ్చి వేల ఎకరాలు కొన్న పెద్ద పాడి సంస్థ, అన్నీ ఆ గిన్నెలోంచే తోడుతున్నాయి. పెద్దవాళ్ల బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి. కొందరి ఇళ్ల బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ నీళ్ల మీద బతికే పరిస్థితి వచ్చింది. నేల కుంగుతోంది, పొలాల్లో, రోడ్ల మీద బీటలు విచ్చుకుంటున్నాయి.

మా నాయనకి చీనీ (బత్తాయి) తోట ఉండేది. 2000ల మొదట్లో కరువుకి మా ఊళ్లో ఒకరి తర్వాత ఒకరు బోరు లోతు పెంచుకుంటూ పోయారు, పక్కవాడు ఐదొందలు పోతే మనం ఆరొందలు. కాపుకొచ్చిన చెట్లు నిలువునా ఎండాయి. ఏటా 550 మిల్లీమీటర్లు అటూఇటూగా కురిసే చోట మా గతి అది. అందుకే విల్‌కాక్స్‌లో పోటీ పడి బోర్లు దింపుతున్నారని వింటే కొత్తగా అనిపించలేదు.

అరిజోనాకి 1980 నుంచే భూగర్భజల చట్టం ఉంది. అయితే అది ఫీనిక్స్, టూసాన్ లాంటి కొన్ని ప్రాంతాలకే గట్టిగా వర్తించేది. మిగతా పల్లెల్లో భూమి ఉన్నవాడు ఎంత తోడినా అడిగేవాడు లేడు. 2022 నవంబరులో విల్‌కాక్స్ లోయ జనం ముందుకి ఓటు వచ్చింది, మీ దగ్గర కూడా నియంత్రణ పెట్టమంటారా అని. వద్దన్నారు. అదే రోజు పక్కనున్న డగ్లస్ లోయ సరేనంది. వద్దన్నవాళ్లని మూర్ఖులనలేం. రాజధానిలో కూర్చున్నవాడి చేతికి మోటారు స్విచ్ ఇవ్వడానికి రైతు ఎక్కడైనా వెనకాడతాడు. నీటిమట్టం పడిపోవడం ఆగలేదు గనక 2024 డిసెంబరులో రాష్ట్ర జలవనరుల శాఖే నియంత్రణ ప్రకటించింది. గత ఐదేళ్లలో సాగునీరు పారిన భూమికే ఇక సాగునీరు, కొత్త ఎకరాలకి లేదు. పల్లెల విషయంలో కాగితం మీద మనమే ముందున్నాం, నీరు, భూమి, చెట్ల రక్షణకి తెచ్చిన మన వాల్టా చట్టం 2002 నాటిది. బోరుకీ బోరుకీ మధ్య దూరం, అనుమతి, అన్నీ అందులో రాసే ఉన్నాయి. రాత్రికి రాత్రి రిగ్గు లారీ వచ్చి బోరేసి తెల్లారేసరికి వెళ్లిపోయే ఊళ్లలో ఆ చట్టం గతేమిటో రాయలసీమలో ఎవర్నడిగినా చెబుతారు.

నా అభ్యంతరం ఇక్కడుంది. పాత వాడకమే హక్కుకి కొలత అయితే, ఎవడు ఎక్కువ తోడాడో వాడికే ఎక్కువ హక్కు. చుక్కచుక్కగా డ్రిప్పు పెట్టి పెంచినవాడి పొదుపుకి ఆ కొలతలో చోటు లేదు. ఎకరా అల్ఫాల్ఫాకి పట్టే నీళ్లలో సగం కూడా వైన్ ద్రాక్షకి పట్టవు. పైగా తీగకి కాస్త దప్పిక ఉంటేనే పండు బాగుంటుంది. అల్ఫాల్ఫా మూటకట్టి లారీ ఎక్కితే అంతే, దాని వెనక ఊళ్లోకి ఎవరూ రారు. ద్రాక్ష రైతు మాత్రం ఆ నీటిని సీసాకెక్కించి, దానికోసం ఫీనిక్స్ నుంచి మనుషుల్ని రప్పిస్తున్నాడు. వాళ్లు ఊళ్లో తింటారు, పెట్రోలు పోయించుకుంటారు, కొందరు రాత్రికి ఉంటారు. కొత్తగా తోట పెట్టాలనుకునే కుర్రాడు ఇప్పుడు ఖాళీ బంజరు కొంటే లాభం లేదు, హక్కున్న పాత గడ్డిపొలాన్నే కొనాలి, దాని రేటు అమ్మేవాడి నోట్లో ఉంటుంది.

పాల కన్నా వైన్ ముఖ్యమా అని ఎదురడగొచ్చు. ముఖ్యం కాదు. లోయంతా ద్రాక్ష వేస్తే తాగేవాళ్లూ దొరకరు, అమెరికాలో వైన్ అమ్మకాలు తగ్గుతున్న రోజులివి. మే, అక్టోబరు నెలల్లో రైల్వే పార్కులో వైన్ పండగ జరిగినప్పుడు కిటకిటలాడే వీధిలో మామూలు మంగళవారం కుక్క కూడా కనిపించదు. నేనడిగేది ఇంతే, తోడిన నీటికి ఊరికి ఎంత మిగిలిందన్న కొలత కూడా చట్టంలో ఎక్కడో ఒకచోట ఉండాలి. ఒక గ్లాసు వైన్ వెనక ఎన్ని నీళ్లున్నాయో, ఆ నీళ్లు ఎన్ని జేబులు తిరిగాయో లెక్క కట్టడం కష్టమేం కాదు.

పోయినసారి వెళ్లినప్పుడు, మాల్వాసియా పోస్తున్న పెద్దాయన్ని మీ బోరు ఎంత లోతని అడిగాను. ఓక్ పీపాల గురించి అడిగేవాళ్లే గానీ బోరు గురించి ఎవరూ అడగరని నవ్వి, ఏడొందల యాభై అడుగులన్నాడు, నీళ్లు ఇంతకుముందు ఎక్కడ తగిలేవో చేత్తో చూపించాడు. మా నాయన తోట సంగతి చెబితే, మీ నాన్నగారి బోరు ఎంత లోతు అన్నాడు. చివరిది తొమ్మిదొందల ఇరవై, దుమ్ము తప్ప ఏం రాలేదని చెప్పాను. గ్లాసులో రావాల్సినదానికన్నా కాస్త ఎక్కువే పోశాడు. బండి నడిపేది నేనే గనక సగం బకెట్టులో ఒంపాను.