సీసా నీళ్లు చాలవు, గుల్లల్ని పరీక్ష చెయ్యండి

చేపలు చచ్చి తేలాయని కబురందితే, నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చెయ్యడానికి అధికారులు మర్నాడు తీరిగ్గా సీసాలు పట్టుకుని దిగుతారు. ఈలోగా రెండు పోట్లు వచ్చి పోయుంటాయి. ఇక ఆ నీళ్లలో ఏం దొరుకుతుందండీ, "పరిమితికి లోబడే ఉంది" అనే కాగితం తప్ప?

కాకినాడ అఖాతం బురదలో గుల్లలు ఎక్కడికీ పోవు. ఆ నీళ్లే వడగట్టుకుని తింటాయి. నీళ్లలో లీలగా ఉన్న సీసం, కాడ్మియం కూడా వాటి ఒంట్లో పోగుపడతాయి. ఆ విషానికి ఒళ్లు ఎలా స్పందించిందో చెప్పే గుర్తుల్నే బయోమార్కర్లు అంటారు. లోహాలు ఎక్కువైతే మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. దాళ్వా చేలల్లో కొట్టిన ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు డ్రెయిన్ల వెంట దిగితే, నరాలకి కావలసిన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము పనితీరు పడిపోతుంది. నీళ్లలో మందు విరిగిపోయాక కూడా ఆ దెబ్బ కొన్నాళ్లు కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది రంగు పరీక్ష. గుల్ల రక్తం చుక్క గాజు పలక మీద వేసి న్యూట్రల్ రెడ్ అనే రంగు కలుపుతారు. కణాల్లో చెత్తని అరిగించే లైసోజోములనే చిన్న సంచులు ఆ రంగు పీల్చుకుంటాయి. గుల్ల ఆరోగ్యంగా ఉంటే రంగు చాలాసేపు లోపలే నిలుస్తుంది, దెబ్బతిని ఉంటే త్వరగా బయటికి కారిపోతుంది. మైక్రోస్కోపు, గడియారం, ఓపిక ఉంటే చాలావరకు పని అయిపోతుంది. (అన్నట్టు, మన అఖాతంలో దొరికే అనడారా రకం గుల్లకి మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది. విప్పితే ఎర్రగా కారుతుంది.)

అమెరికాలో 1986 నుంచి మసెల్ వాచ్ పేరుతో ఆల్చిప్పల్లో కాలుష్యం కొలుస్తున్నారు. ఆ లెక్కలు తెచ్చి ఇక్కడ అతికిస్తే కుదరదు. గోదావరికి ఎర్రనీళ్లు రాగానే మన దగ్గర ఉప్పు ఒక్కసారిగా పడిపోతుంది. విషం చుక్క లేకపోయినా ఆ దెబ్బకే బయోమార్కర్లు మారిపోతాయి. గుడ్లు పెట్టే రోజుల్లోనూ అంతే. అందుకే మన గుల్ల మామూలుగా ఎలా ఉంటుందో, శుభ్రమైన చోటా డ్రెయిన్ మొగలోనూ నెలనెలా ఇప్పట్నుంచే రాసిపెట్టాలి. గొడవయ్యాక మొదలెడితే, "ఇక్కడ ఎప్పుడూ ఇంతే" అని ఫ్యాక్టరీ వకీలు కొట్టిపారేస్తాడు.

"మీరు విషమని రాస్తే మా సరుకెవరు కొంటారు బాబూ?" అని గుల్లలేరే ఒకావిడ అడిగింది. న్యాయమైన మాటే. పరిహారం సంగతి తేల్చకుండా ఫలితాలు బయటపెడితే ముందు మునిగేది ఆవిడే. ఏ దిబ్బ మీద గుల్ల సన్నబడిందో, ఎక్కడ నోళ్లు తెరిచి చచ్చాయో తెలిసింది కూడా ఆవిడకే. సేకరణ పని కూలిచ్చి వాళ్లకే అప్పగించండి. ఆ ఖర్చు, కాలువలోకి విషం వదిలేవాళ్ల దగ్గరే వసూలు చెయ్యండి.