బ్యాలెన్స్ ఎమౌంట్ గారికి ఒక ఫొటో స్టూడియోవాడి విన్నపం

మహారాజశ్రీ బ్యాలెన్స్ ఎమౌంట్ గారి సముఖమునకు,

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో, రెండో అంతస్తులో మెట్ల పక్కన స్టూడియో నడుపుకునేవాడు రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కెమెరా ఈఎంఐ ఐదో తారీఖున కోసుకుంటారు కాబట్టి ఆ ముక్క రాయలేకపోతున్నాను. మీరు మాత్రం క్షేమమేనని తెలుసు. పోయిన మాఘమాసంలో ఒక పెళ్లికూతురి తండ్రి లాల్చీ జేబులో ఏపుగా, నిండుగా కనిపించారట.

మీ అన్నగారు అడ్వాన్స్ గారితో మాకే పేచీ లేదు. ముహూర్తం పెట్టించుకున్న సాయంత్రమే, 10,116 రూపాయల రూపంలో, నాలుగు మూలలా పసుపు రాసిన కవర్లో నడిచొస్తారు. కూర్చోమంటే కూర్చుంటారు, టీ తాగుతారు. అప్పుడు నేను “మన ఫొటోగ్రాఫర్ గారు”. పెన్‌డ్రైవ్ చేతికిచ్చిన మర్నాడు “ఆ ఫొటోల అబ్బాయి”ని. హార్బరున్న ఊళ్ళో ఓడ మల్లన్న సామెత ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.

మొదట్లో మిమ్మల్ని నగదుగానే పిలిచేవాణ్ణి. మీరు రావలసిన చోటు చదివింపుల బల్ల. సింహాచలం కొండ కింద ఏ కల్యాణ మండపంలోనైనా చూడండి. తెల్లవారుజామున తలంబ్రాలు అయిపోతాయి. ఒక పెదనాన్నగారు గళ్ళ నోటుబుక్కు ముందేసుకుని, కవర్లు ఒక్కొక్కటీ చింపి, లోపల అతికించిన రూపాయి బిళ్ళని గోటితో గీకి పక్కన పెడుతుంటారు. నేను ట్రైపాడ్ మడుస్తూ అటే తచ్చాడతాను. “లెక్క తేలనీ బాబూ” అంటారు. తేలుతుంది. వంటవాళ్ళు మొదట, ఎందుకంటే మర్నాటి టిఫిన్ వాళ్ళ చేతిలో ఉంది. తర్వాత మేళం, తర్వాత పంతులుగారు, డెకరేషన్ వాళ్ళు. నా వంతొచ్చేసరికి నోటుబుక్కు మూసి, నా భుజం మీద చెయ్యేసి, “నీదేటుంది, మనోడివే కదా!” అంటారు. పరాయివాళ్ళకి డబ్బులు, మనోళ్ళకి ఆప్యాయత. నేను పరాయివాణ్ణి కావడానికి ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలో ఎవరూ చెప్పరు.

సరే, ఇంటికొచ్చి తీసుకుంటానంటే, శుక్రవారం లక్ష్మిని గడప దాటించరు. మంగళవారమూ అంతే. దీపాలు పెట్టాక ఏ వారమైనా కుదరదు. అమావాస్య సంగతి సరేసరి. ఆదివారం బ్యాంకు లేదు. మీరు గుమ్మం దాటి రాగల ఘడియలెన్నో పంచాంగకర్తలు విడిగా ఒక పట్టిక వెయ్యాలి. ఇవ్వడానికే ఈ నియమాలన్నీ. నేను శుక్రవారం దీపాలు పెట్టాక ఫొటోలు పంపిస్తే మాత్రం ఎవరికీ దోషం తగలదు.

నగదుకి చట్టం కూడా ఉంది. 2017 నుంచి ఒక వేడుకకి సంబంధించి ఒకరి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. నాలుగు విడతలుగా తీసుకున్నా లెక్క ఒకటే. తప్పితే అంత మొత్తమూ జరిమానా. అదీ ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాడికి. మీరెప్పుడూ అంత నిండుగా నా ఇంటికి రాలేదు గనక నేనింకా చట్టానికి లోబడ్డ పౌరుణ్ణే. ఆ ఉపకారం మరచిపోను.

నగదు మొత్తానికే ఎత్తేద్దాం మావయ్యా, అంటాడు మా మేనల్లుడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వాడు లాగూలేసుకునే పిల్లాడు. కరెంటు లేదు, టవర్లు లేవు, ఏటీఎంలు మూత. గల్లాపెట్టెలో నోట్లున్నవాడే పాలపాకెట్ కొన్నాడు. అందుకని సొరుగు ఉంచాను. అందులో మీరు లేకపోవడం వేరే సంగతి.

చెక్కు గురించి రెండు ముక్కలు. మూడు నెలల్లో వేసుకోకపోతే అది ఉత్త కాగితం. బౌన్సయితే 30 రోజుల్లో నోటీసివ్వాలి, వాళ్ళకి ఇంకో 15 రోజులు గడువివ్వాలి, ఆ తర్వాత కోర్టు. అబ్బాయి బారసాల కూడా నాకే రావాలని ఆశపడేవాడు వాళ్ళ తాతగారి మీద కేసెలా వేస్తాడు? ఈ సంగతి మీకు బాగా తెలుసు.

కార్డు మెషిన్ కూడా తెచ్చాను. క్రెడిట్ కార్డు గీస్తే మెషిన్ ఇచ్చినవాళ్ళు 2 శాతం పట్టుకుంటారు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే లక్ష రూపాయల ప్యాకేజీలో 2,360 రూపాయలు గాల్లో పోతాయి. అడ్వాన్స్‌కి కార్డు తియ్యరు. మీ పేరు చెప్తేనే తీస్తారు. “పాయింట్లొస్తాయండీ” అంటారు. వాళ్ళకి పాయింట్లు, నాకు కోత. ఆ కోత వాళ్ళే భరిస్తే బాగుంటుందని మెల్లగా అన్నానో లేదో, కార్డు పర్సులోకీ, మీరు వాయిదాలోకీ వెళ్ళిపోయారు.

ఇక యూపీఐ. 2016లో అది వచ్చినప్పుడు మీ పని అయిపోయిందనే అనుకున్నాను. 2020 జనవరి నుంచి మామూలు బ్యాంకు ఖాతాలోంచి కొట్టేదానికి వ్యాపారి దగ్గర చార్జీ కూడా లేదు. సెలవు లేదు, శుక్రవారం లేదు, అర్ధరాత్రయినా పనిచేస్తుంది. మొదట్లో నా సొంత నంబరుకే వేయించుకునేవాణ్ణి. మార్చి నెలాఖరుకి ఆడిటర్ గారు స్టేట్‌మెంట్ ముందేసుకుని, ఇందులో పెళ్లి డబ్బులేవి, చీటీ డబ్బులేవి, బావమరిది తిరిగిచ్చినవేవి అని అడిగితే ఇద్దరం చెరోవైపు చూశాం. పుస్తకాలు రాయని చిన్న వ్యాపారానికి ఆదాయపు పన్ను కోసం నగదు అమ్మకాల్లో 8 శాతం లాభంగా లెక్కేస్తారు, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతమే అని ఆయనే చెప్పి, స్టూడియో పేరు మీద కరెంట్ ఖాతా, దానికో క్యూఆర్ పెట్టించారు. ఈ ఒక్క సలహాకి ఆయన ఫీజు దండగ కాలేదు.

క్యూఆర్‌తో పాటు మాట్లాడే డబ్బా వచ్చింది. పాస్‌పోర్ట్ ఫొటోలకి కుర్రాడు కొట్టిన వంద రూపాయలు కింద టీకొట్టు దాకా వినపడేలా చదువుతుంది. ఎవరి డబ్బులెన్ని వచ్చాయో జగదాంబ జంక్షన్ దాకా చెప్పగలదు. మీ పేరు మాత్రం దాని నోట ఒక్కసారీ రాలేదు. దానికి తెలిసింది వచ్చింది చెప్పడమే, రానిదాన్ని లాక్కురావడం కాదు. ఏ యంత్రానికైనా అంతే. అది గ్రహించాక నాకు వాటి మీద కోపం పోయింది, మీ మీద మాత్రం మిగిలింది.

ఎందుకంటే యూపీఐతో మీకు కొత్త దారులు దొరికాయి. “కొత్త ఫోన్ తీసుకున్నానండీ, ఇరవై నాలుగ్గంటల దాకా ఐదు వేలు దాటి వెళ్ళదు.” నిజమే, ఆ నిబంధన ఉంది. కానీ ఆ ఇరవై నాలుగ్గంటలు దాటి దీపావళి వెళ్ళిపోయింది. “ఈరోజు లక్ష లిమిట్ అయిపోయింది.” లిమిట్ నిజం, మర్నాడు అది మళ్ళీ మొదలవడమూ నిజమే. “సర్వర్ డౌన్.” 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ ఆగిపోయిన మాట వాస్తవం. ఆ ఒక్క శనివారం పేరు చెప్పి ఒకాయన మొత్తం వేసవి నెట్టుకొచ్చాడు.

అన్నిటికంటే స్క్రీన్‌షాట్ గొప్పది. పచ్చటి టిక్కు, కింద పన్నెండంకెల నంబరు. “పంపేశానండీ, చూస్కోండి.” నా ఖాతాలో చూస్తే ఏమీ లేదు. ఆ నంబరు కాపీ చేసి పంపండి అంటే పండగ గ్రీటింగ్ వస్తుంది. డబ్బు కట్ అయి దుకాణదారుకి చేరకపోతే, గడువు దాటాక రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారమివ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019లో బ్యాంకులకి చెప్పింది. అదే నిబంధన పెళ్లివారికీ పెట్టి ఉంటే ఈపాటికి ఎంవీపీ కాలనీలో ఫ్లాట్ కొనుక్కుని ఉండేవాణ్ణి.

అందుకని దారులు మార్చడం మానేసి గడువులు మార్చాను. బుకింగ్ రోజు నలభై శాతం, పెళ్లి ముందు రోజు నలభై, ఆల్బమ్ చేతికిచ్చే ముందు ఇరవై. నగదైనా క్యూఆరైనా మీ ఇష్టం. కార్డుకి మాత్రం కోత ముందే కలిపిన రేటు. డబ్బా పలికాకే పెన్‌డ్రైవ్. కొటేషన్ కాగితం మీద ఇదంతా అచ్చు వేయించి, సంతకం కూడా పెట్టించుకుంటున్నాను. మొదటి విడతకి ఎవరూ గొణగలేదు. రెండోదానికి, పెళ్లికొడుకు నలుగు పీట మీంచి, “చేతులకి పసుపుందన్నా, ఫోన్ వేలిముద్ర తీసుకోవట్లేదు” అని చూపించాడు. తీసుకోలేదు, నేనూ చూశాను. తువ్వాలు తడిపి నేనే తుడిచాను. ఆ నలభై వచ్చింది.

మీరిప్పుడు ఆ చివరి ఇరవైలో కాపురం పెట్టారు. రుషికొండ బీచ్‌లో తీసిన ప్రీవెడ్డింగ్ ఫొటోలు చూసుకోవడానికి వాటర్‌మార్క్ వేసి పంపితే, నా స్టూడియో పేరు పెళ్లికూతురి ముఖానికి అడ్డంగా ఉన్నా అలాగే స్టేటస్ పెట్టేసుకున్నారు. “మీకూ పబ్లిసిటీ కదండీ!” అని పైగా నాకే ధైర్యం చెప్పారు. బీరువాలో కరిజ్మా ఆల్బమ్‌లు అట్టపెట్టెల్లోనే పడున్నాయి. ప్రింటింగ్ ల్యాబ్‌కి నేను ఏనాడో కట్టేశాను. అక్కడ “మనోడివే” అనేవాళ్ళు లేరు.

మొన్న అందులో ఒక ఆల్బమ్ తాలూకు దంపతులొచ్చారు. చంకలో బాబు. వాళ్ళ ఆల్బమ్ కోసమే వచ్చారనుకుని బీరువా తాళం కూడా తీశాను. కాదట, అన్నప్రాసనకి రేటు కనుక్కోవడానికట. బాబు నా సౌండ్ బాక్స్‌ని నోట్లో పెట్టుకోబోతుంటే వాళ్ళమ్మ లాగేసుకుంది. పాత లెక్క గుర్తుచేశాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు.

“అదెక్కడికి పోద్దన్నా. దీని అడ్వాన్సూ, దాని బ్యాలెన్సూ అన్నప్రాసన అయ్యాక రెండూ కలిపి ఒకేసారి కొట్టేస్తాం.”

ఇట్లు,
మీ రాకకై ఎదురుచూచు
డాబాగార్డెన్స్ స్టూడియోవాడు