రాణిగారి కొవ్వొత్తులు, రాజుగారి టీ

లండన్‌లో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకు ఒక విన్నపం. బిగ్ బెన్ చూడకపోయినా ఫర్వాలేదు. పికడిల్లీలోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్‌లో టీ డబ్బా కొనకుండా విమానం ఎక్కితే మాత్రం కాలనీలో తలెత్తుకోలేరు.

అసలు ఆ కొట్టు చరిత్రను కామర్స్ విద్యార్థులకు పాఠంగా పెట్టాలి. ఇంగ్లండును ఏలిన ఆన్ రాణి కొలువులో విలియం ఫోర్ట్‌నమ్ అనే నౌకరు ఉండేవాడట. అంతఃపురంలో ప్రతి రాత్రీ కొత్త కొవ్వొత్తులే వెలగాలి. మరి సగం కాలినవో? ఫోర్ట్‌నమ్ వాటిని పోగేసి అమ్ముకున్నాడు. ఇంటి ఓనరు హ్యూ మేసన్‌తో కలిసి 1707లో కొట్టు పెట్టాడు. మన దగ్గర ఏ అటెండరైనా ఈ పని చేస్తే ఏసీబీ వాళ్ళు కొవ్వొత్తి ముక్కలు టేబుల్ మీద పేర్చి, వెనకాల అతణ్ణి నిలబెట్టి ఫొటో తీయిస్తారు. అక్కడ మాత్రం అది నౌకర్లకు మామూలుగా దక్కే పైరాబడేనట. ఇక ఇంటి ఓనరు అద్దె పెంచకుండా పార్ట్‌నర్‌గా చేరడమంటారా, ఇంగ్లండు నాగరికతకు ఇంతకంటే నిదర్శనం నాకు కనిపించలేదు.

కొట్టు ముందు 1964లో పెట్టిన గడియారం ఉంది. గంటగంటకూ ఆ ఇద్దరి బొమ్మలూ బయటికొచ్చి ఒకరికొకరు వంగి దణ్ణం పెట్టుకుంటాయి. వ్యాపారంలో పార్ట్‌నర్లు ఇన్నేళ్ళు మొహాలు చూసుకోవడం మనవాళ్ళ ఊహకందదు.

నాలుగో అంతస్తులో టీ తాగే చోటును 2012లో ఎలిజబెత్ రాణే స్వయంగా ప్రారంభించారు. మనిషికి మన లెక్కలో ఎనిమిది వేల పైమాటే. మూడంతస్తుల స్టాండు తెచ్చి పెడతారు. అందులో వేలెడంత శాండ్‌విచ్‌లు, స్కోన్లనే చిన్న బన్నులు, కేకులు. శాండ్‌విచ్ బ్రెడ్డుకు అంచులు కోసేసి ఉంటాయి. ఆ అంచులు ఎక్కడికి పోతాయో ఫోర్ట్‌నమ్ ఆత్మకే తెలియాలి. దయచేసి ఇక్కడ ‘వన్ బై టూ’ అడగకండి. పాలు చిన్న జగ్గులో విడిగా వస్తే, మరగబెట్టడం మర్చిపోయారని వెయిటర్‌ను పిలవకండి.

కొనాల్సింది రాయల్ బ్లెండ్. 1902లో ఏడో ఎడ్వర్డ్ రాజు కోసం అస్సాం, సిలోన్ ఆకులు కలిపి చేశారు. అంటే మన అస్సాంలో కోసిన ఆకు సముద్రాలు దాటి, లేత ఆకుపచ్చ డబ్బాలో కూర్చుని, మీ బ్యాగేజీలో తిరిగి స్వదేశం చేరుతుంది. ఇదేం వృథా ప్రయాణమని గొణిగేవాళ్ళున్నారు. పెళ్ళి సంబంధాల్లో ఫారిన్ రిటర్న్ కుర్రాడికి ఉన్న రేటు ఆకుకు మాత్రం ఎందుకు ఉండకూడదు?

ఇంటికొచ్చాక డబ్బా మూత తీయకండి. షోకేసులో, పేరు కనబడేలా పెట్టండి. వచ్చినవాళ్ళకు ఎప్పటి టీయే అల్లం దంచి వేసి ఇవ్వండి. ఎవరైనా డబ్బా వెనక్కి తిప్పి ఎక్స్‌పైరీ డేటు వెతికితే, ఆ చుట్టాన్ని రెండోసారి పిలవనక్కర్లేదు.