‘రూట్ చేస్తే పాత ఫోన్ కొత్తదవుతుంది’ అన్న సందేశానికి జవాబు

గత పది రోజుల్లో ఒకే సందేశం నాకు మూడు చోట్ల నుంచి వచ్చింది: విజయవాడలోని మా అపార్ట్‌మెంట్ గ్రూపు నుంచి, గుంటూరులో కలిసి చదువుకున్న మిత్రుల నుంచి, చివరకు మా మేనమామ గారి నుంచి. ‘పాత ఆండ్రాయిడ్ ఫోన్ నెమ్మదించిందా? కొత్తది కొనకండి, రూట్ చేయండి’ (అంటే కంపెనీ మూసి ఉంచిన సిస్టమ్ మీద పూర్తి అధికారం మన చేతికి తెచ్చుకోండి) అని మొదలుపెట్టి, వేగం మూడింతలవుతుందని, బ్యాటరీ రెండు రోజులు వస్తుందని, ఫొటోలు ఎక్కడికీ పోవని, మళ్ళీ లాక్ చేస్తే వారంటీకి ఢోకా లేదని, బ్యాంకు యాప్‌లు మామూలుగానే నడుస్తాయని చెప్పి, కింది లింకులోని ఏపీకే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) దించుకొని ఒక్కసారి నొక్కితే చాలునని ముగుస్తుంది. పంపినవారంతా మేలు కోరే పంపారు గానీ, ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి విసిగిపోయాను.

వేగం, బ్యాటరీల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. రూట్ చేసినంత మాత్రాన మూడు జీబీల ర్యామ్ ఆరు జీబీలు కాదు. నాలుగేళ్ళ వాడకంలో సత్తువ తగ్గిన బ్యాటరీకి మళ్ళీ సత్తువ రాదు. కంపెనీ అంటగట్టిన అక్కరలేని యాప్‌లను తీసేస్తే ఫోన్ కొంత తేలికపడే మాట నిజమే అయినా, వాటిలో చాలావాటిని రూట్ లేకుండానే, కంప్యూటరుకు కేబుల్ పెట్టి ఏడీబీ అనే గూగుల్ సాధనం ద్వారా తొలగించుకోవచ్చు.

‘ఫొటోలు ఎక్కడికీ పోవు’ అన్న వాక్యం పచ్చి అబద్ధం. రూట్ చేయడానికి ముందు బూట్‌లోడర్‌ను (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామును) అన్‌లాక్ చేయాలి. చేయగానే ఫోన్‌లోని సమాచారమంతా తుడిచిపెట్టుకుపోతుంది. అది పొరపాటున జరిగేది కాదు, కావాలని పెట్టిన కట్టుబాటు. అది లేకపోతే, బస్టాండులో మన ఫోన్ కొట్టేసినవాడు బూట్‌లోడర్ తెరిచి మన సమాచారాన్ని చేజిక్కించుకునే వీలుండేది. మా బావమరిది ఇలాంటి మాటే నమ్మి గవర్నర్‌పేటలోని ఒక చిన్న దుకాణంలో ఫోన్ ఇచ్చాడు. సాయంత్రం తిరిగి తీసుకొని ఆన్ చేస్తే, కంపెనీ గుర్తు కన్నా ముందు, బూట్‌లోడర్ తెరిచి ఉందన్న హెచ్చరిక నల్లటి తెర మీద కొన్ని క్షణాలు నిలిచింది. ఇప్పటికీ ఆన్ చేసిన ప్రతిసారీ నిలుస్తుంది. గ్యాలరీ ఖాళీ. అన్నప్రాసన నాడు పాప పళ్ళేన్ని దాటి, పక్కనున్న పుస్తకం మీద అరచెయ్యి వేసిన వీడియో ఆ ఒక్క ఫోన్‌లోనే ఉండేది. వచ్చిన చుట్టాలందరికీ ఫోన్లు చేసి అడిగారు. ఎవరి దగ్గరా లేదు.

వారంటీ విషయంలో కంపెనీకొక పద్ధతి ఉంటుంది గనుక, అందరికీ ఒకే హామీ ఇవ్వడమే తప్పు. శామ్‌సంగ్ ఫోన్లలో నాక్స్ అనే రక్షణకు ఒక ఫ్యూజు ఉంటుంది. కంపెనీ ఆమోదించని సాఫ్ట్‌వేర్ ఎక్కితే అది శాశ్వతంగా కాలిపోతుంది. ఇంట్లో ఫ్యూజు పోతే తీగ మార్చుకున్నట్టు దాన్ని మార్చడం కుదరదు, ఆ ఫోన్‌లో సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచేయదు. మరి బూట్‌లోడర్‌ను మళ్ళీ లాక్ చేస్తే? మార్చిన సాఫ్ట్‌వేర్‌ను లోపల ఉంచి లాక్ చేస్తే, ఫోన్ అసలు లేవకుండా పోయే ప్రమాదం కూడా ఉంది.

బ్యాంకు యాప్‌లలో చాలావరకు ఫోన్ నమ్మదగినదేనా అని గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ అనే తనిఖీ సేవను అడిగి తెలుసుకుంటాయి. 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో ఈ పరీక్ష హార్డ్‌వేర్ ఇచ్చే సాక్ష్యం మీద ఆధారపడుతోంది. రూట్‌ను దాచిపెట్టే మాడ్యూళ్ళు (చిన్న అదనపు ప్రోగ్రాములు) ఉన్నాయి. అవి ఈ రోజు పనిచేసి రేపు ఆగిపోతాయి. నెల మొదటి తారీఖున అద్దె కట్టబోతుంటే యాప్ తెరుచుకోకపోవడాన్ని ‘మామూలుగా నడవడం’ అంటారా?

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. బాగా పనిచేసే ఫోన్‌కు రెండు మూడేళ్ళకే అప్‌డేట్లు ఆపేసే కంపెనీల మీద ఈ సందేశం వెళ్ళగక్కిన కోపం న్యాయమైనదే. అలా వదిలేసిన నా పాత ఫోన్ బూట్‌లోడర్‌ను నేనే తెరిచి, 2016 చివర్లో సయనోజెన్‌మాడ్ అనే ఉచిత ఆండ్రాయిడ్ రూపం మూతపడ్డాక దాని వారసత్వంగా మొదలైన లీనియేజ్ ఓఎస్‌ను ఎక్కించాను. ముందుగా అన్నీ కాపీ చేసుకున్నాను, మా మోడల్‌కు రాసిన సూచనలను రెండుసార్లు చదివాను, ఒక ఆదివారమంతా కూర్చున్నాను. అది ఇప్పుడు మళ్ళీ సెక్యూరిటీ ప్యాచ్‌లు అందుకుంటోంది. కానీ అందులో సిమ్ లేదు, బ్యాంకు యాప్ లేదు. రూట్ చేయవలసిన అవసరమే రాలేదు.

ఇక ఆ లింకు. నా బాధంతా దీని గురించే. ఒక్క నొక్కుతో రూట్ అయ్యే రోజులు ఒకప్పుడు నిజంగానే ఉండేవి: 2014లో వచ్చిన టవల్‌రూట్ అనే యాప్ ఆండ్రాయిడ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నెల్‌లోని ఒక లోపాన్ని వాడుకొని ఆ పని చేసేది. ఆ లోపాన్ని ఎప్పుడో పూడ్చేశారు. ఈనాటి ఫోన్‌కు ఆ పని కావాలంటే సెట్టింగ్స్‌లో దాగి ఉండే డెవలపర్ ఆప్షన్స్‌లో అనుమతి ఇవ్వాలి, సాధారణంగా కంప్యూటరు కావాలి, కొన్ని షావోమీ ఫోన్లకైతే దరఖాస్తు పెట్టుకొని కొన్ని రోజులు ఆగాలి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఇవన్నీ దాటేసి రూట్ చేస్తానంటే, అది చేయబోయేది వేరే పని. మా మేనమామ గారి ఫోన్‌లో నేను చూసిన ఏపీకే మొదట అడిగినది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి, ఆ తర్వాత యాక్సెసిబిలిటీ అనుమతి. మొదటిదానితో ఓటీపీలు దాని చేతికి చిక్కుతాయి. రెండోదానితో తెర మీద ఉన్నదంతా చదివి, మన బదులు తానే బటన్లు నొక్కగలదు. ఫోన్ వేగం పెంచడానికి మన ఓటీపీలతో దానికేం పని? పింఛను డబ్బు ఒకే ఖాతాలో పెట్టుకున్న పెద్దవాళ్ళకు ఈ లింకు పంపించేముందు ఒక్కరైనా ఈ ప్రశ్న వేసుకోలేదే!

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసినవారు మొదట ఇంటర్నెట్ ఆపండి, సిమ్ బయటికి తీయండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతాను స్తంభింపజేయించండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ తర్వాత, లింకును ఎవరెవరికి పంపారో వారందరికీ మీరే ఫోన్ చేసి నొక్కవద్దని చెప్పండి.