ఎదురుచూపును ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

మియాపూర్ మెట్రో స్టేషన్ దిగి బయటికి వస్తే షేర్ ఆటోలు కనిపిస్తాయి. సీట్లన్నీ నిండేదాకా డ్రైవర్ బండి కదపడు. ఆయన లెక్క సరైనదే. ఒక్కో విడతకు ఎక్కువమంది ఎక్కితే గంటకు ఎక్కువమంది ఇల్లు చేరతారు. కానీ అందరికంటే ముందు ఎక్కిన మనిషి పావుగంట ఉక్కపోతలో కూర్చోవాలి. గంటకు ఎంతమంది చేరారన్నది త్రూపుట్. ఒక మనిషికి ఎంతసేపు పట్టిందన్నది లేటెన్సీ. మనం మాత్రం రెండింటినీ ‘స్పీడు’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. సాఫ్ట్‌వేర్ కొలతల్లో చాలా పొరపాట్లు ఆ మాట దగ్గరే మొదలవుతున్నాయని నా నమ్మకం.

ప్రోగ్రాములూ ఆ ఆటో లాగే నడుస్తాయి. వచ్చిన ఈవెంట్లను (క్లిక్కులు, లావాదేవీల లాంటివాటిని) విడివిడిగా కాకుండా వందేసి కట్టగట్టి డిస్కు మీద రాస్తే సెకనుకు పూర్తయ్యే పని పెరుగుతుంది. కట్టలో మొదట చేరిన ఈవెంట్ మాత్రం చివరిది వచ్చేదాకా ఆగుతుంది. అందుకే ‘మా సిస్టమ్ సెకనుకు లక్ష ఈవెంట్లు తట్టుకుంటుంది’ అని ఎవరైనా అంటే నాకు అది సగం వాక్యంలాగే వినిపిస్తుంది. ఒక్కో ఈవెంట్ ఎంతసేపు ఆగింది?

ఈ రెండు కొలతలనూ ముడివేసే సూత్రాన్ని 1961లో అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ నిరూపించారు. వచ్చే రేటును, ఒక్కో పని లోపల గడిపే సగటు సమయంతో గుణిస్తే, లోపల సగటున ఎన్ని పనులున్నాయో తెలుస్తుంది. సెకనుకు 500 రిక్వెస్టులు వస్తూ ఒక్కోటి 0.2 సెకను ఉంటే లోపల 100 ఉన్నట్టు. ఒక్కో థ్రెడ్ (ప్రోగ్రామ్ లోపల పనిచేసే ఒక చేయి లాంటిది) ఒక్కో రిక్వెస్టునే పట్టుకునే సర్వర్‌లో 50 థ్రెడ్లే ఉన్నాయనుకోండి, ఈ అంకెలు చూపే రిపోర్టులో ఏదో ఒకటి తప్పని కాగితం మీదే తేల్చవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. కొన్నేళ్ల క్రితం మాదాపూర్‌లో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో లోడ్ టెస్ట్ (వరసగా చాలా రిక్వెస్టులు పంపి సర్వర్‌ను పరీక్షించడం) రిపోర్టు చాలా అందంగా వచ్చింది. సగటు నాలుగు మిల్లీసెకన్ల లోపే. వాడుతున్నవారు మాత్రం తెర బిగుసుకుపోతోందని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మూడు వారాల పాటు మేము మనుషుల మాట కాదని అంకెను నమ్మాం. వాళ్ల ఇంటర్నెట్ బాగాలేదేమోనని జవాబులు కూడా ఇచ్చాం. ఆ జవాబులు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో ఒక చిన్న లెక్కలో చూద్దాం. పది సెకన్ల టెస్ట్. సెకనుకు 100 చొప్పున 1000 రిక్వెస్టులు పంపాలి. మామూలుగా ఒక్కోటి ఒక మిల్లీసెకనులో తిరిగి వస్తుంది. ఎనిమిది సెకన్లు బాగానే గడిచాక సర్వర్ రెండు సెకన్లు స్తంభించింది. టెస్ట్ ప్రోగ్రామ్ జవాబు వచ్చేదాకా తరువాతి రిక్వెస్ట్ పంపకపోతే దాని పుస్తకంలో ఎనిమిది వందల మంచి అంకెలు, ఒకే ఒక్క చెడ్డ అంకె ఉంటాయి. సగటు 3.5 మిల్లీసెకన్లు. నూటికి 99 రిక్వెస్టులు ఒక మిల్లీసెకనులోనే ముగిశాయని కూడా అది రాస్తుంది. వాస్తవంలో ఆ రెండు సెకన్లలో మరో 200 మంది బటన్ నొక్కి ఉండేవారు. మొదటివాడు రెండు సెకన్లు, తరువాతివాడు దానికి పది మిల్లీసెకన్లు తక్కువ, అలా అందరూ ఆగేవారు. వాళ్లందరినీ లెక్కలోకి తీసుకుంటే సగటు దాదాపు 200 మిల్లీసెకన్లు. ప్రతి అయిదుగురిలో ఒకరికి సిస్టమ్ ఆగిపోయింది. కొలిచే ప్రోగ్రామ్ సర్వర్‌తో పాటు తానూ ఆగిపోయి, సరిగ్గా చెడు సమయంలోనే కొలవడం మానేసింది. గిల్ టెనే అనే ఇంజనీర్ దీనికి ‘కోఆర్డినేటెడ్ ఒమిషన్’ (ఇద్దరూ కూడబలుక్కున్నట్టు వదిలేయడం) అని పేరు పెట్టారు.

ఆసుపత్రిలో డాక్టర్ గదిలో గడిపిన అయిదు నిమిషాలే రాసుకుని, బయట బెంచీ మీద గడిపిన రెండు గంటలను వదిలేయడం లాంటిది ఇది. సర్వర్ లోపల కూడా ఇదే జరుగుతుంది. థ్రెడ్ పని అందుకున్న క్షణం నుంచి గడియారం మొదలుపెడితే క్యూలో గడిచిన కాలం ఎవరి ఖాతాలోనూ పడదు. ఆ కాలం చిన్నదేమీ కాదు. రాకలు, పని సమయాలు యాదృచ్ఛికంగా ఉండే అతి సాధారణ క్యూ నమూనాలో, పది మిల్లీసెకన్ల పనికి సర్వర్ సగం నిండినప్పుడు (అంటే సగం సమయం పనిలో ఉన్నప్పుడు) సగటున 20 మిల్లీసెకన్లు పడితే, 90 శాతం నిండితే 100, 95 శాతం నిండితే 200 పడతాయి.

అమీర్‌పేటలో పర్ఫార్మెన్స్ టెస్టింగ్ నేర్పే శిక్షణ కేంద్రాలు చాలా ఉన్నాయి. అక్కడ విద్యార్థులు మొదట పట్టుకునే పనిముట్లలో లోడ్ టెస్టులు నడిపే జేమీటర్ అనే ప్రోగ్రామ్ ఒకటి. అందులోని మామూలు థ్రెడ్ గ్రూప్‌లో ఒక్కో థ్రెడ్ జవాబు అందాకే తరువాతి రిక్వెస్ట్ పంపుతుంది. అంటే పై లెక్కలోని లోపం మొదటి పాఠంతోనే చేతికి వస్తుంది. ఏ రిక్వెస్ట్ ఎప్పుడు బయలుదేరాలో ముందే నిర్ణయించుకుని, ఆ క్షణం నుంచే కాలం లెక్కించడం ఆ మొదటి పాఠంలోనే చెప్పాలి. కష్టమైన విషయమేమీ కాదు, ఒక గంట చాలు.

సగటును పక్కన పెట్టి పర్సెంటైల్ (99వది అంటే నూటికి 99 రిక్వెస్టులు ఎంత సమయంలోపు ముగిశాయో చెప్పే అంకె) చూడమని ఈ మధ్య అందరూ అంటున్నారు, మంచిదే. నూటికి ఒక్కసారే నెమ్మదించే సర్వర్లు వందను కలిపి ఒక పేజీ తయారుచేస్తే, నూటిలో 63 పేజీలు నెమ్మదిస్తాయని గూగుల్ ఇంజనీర్లు జెఫ్ డీన్, లూయీ బరోసో 2013లో రాశారు. అయితే పది సర్వర్ల 99వ పర్సెంటైల్‌లను కూడి పదితో భాగిస్తే వచ్చేది దేనికీ పర్సెంటైల్ కాదు. ఎంత సమయానికి ఎన్ని రిక్వెస్టులు పడ్డాయో చూపే హిస్టోగ్రామ్‌లను కలిపి, అందులోంచి పర్సెంటైల్ తీయాలి. గడియారం సంగతీ అంతే: గోడ గడియారం లాంటి సిస్టమ్ సమయాన్ని సరిదిద్దినప్పుడు అది వెనక్కి జరగవచ్చు, కాబట్టి వ్యవధులకు ముందుకే నడిచే మోనోటోనిక్ గడియారం వాడాలి.

మా కార్యాలయంలో చివరికి బయలుదేరాల్సిన క్షణం నుంచి లెక్కిస్తూ టెస్టును మళ్లీ నడిపాం. కారణం దొరకడానికి ఒక్క మధ్యాహ్నం పట్టింది. మెమరీ శుభ్రం చేసుకోవడానికి ప్రోగ్రామ్ కొన్ని నిమిషాలకోసారి పూర్తిగా ఆగుతోంది. ఫిర్యాదు చేసినవారు తమ మెయిళ్లలో రాసిన సెకన్లు, కొత్త పట్టికలోని సెకన్లు దాదాపు ఒకటే.