కొత్త అవతారమెత్తిన మా ఊరి బొమ్మల బృందానికి

మహారాజశ్రీ బృందం వారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ తిరుపతిలో మేమంతా క్షేమం. మీరూ తిరుపతిలోనే ఉన్నారనుకునేవాణ్ణి. నిన్న మీ కొత్త గ్యాలరీ చూశాక అనుమానం వచ్చింది.

ముందుగా అభినందనలు. తెల్లగోడలు, ఏసీ, పైనుంచి లైట్లు, అన్నీ బాగున్నాయి. స్కూలు వరండాలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలు వేలాడదీసి, గాలొస్తే పరిగెత్తి పట్టుకునే రోజులు పోయాయి. టికెట్టు పెట్టారు, సరే. ఆన్‌లైన్‌లో స్లాటు తీసుకోమన్నారు, అదీ సరే. శ్రీనివాసం దగ్గర దర్శనం టోకెన్లకు తెల్లారుజామున నిలబడే ఊరిది, క్యూ అంటే భయపడం. మూడు గంటల స్లాటుకు నాలుగున్నర దాకా మెట్లమీద కూర్చోబెట్టారు, లోపల ఎవరో పెద్దాయన ఫొటోలు దిగుతున్నారట. వీఐపీ బ్రేకు కూడా మనకు కొత్త కాదులెండి. సెల్ఫీల కోసం గోడకు అతికించిన ఆ రెక్కల గురించి నేనేమీ అనను. టీ రేటు గురించి అంటాను గానీ, ఇంకోసారి.

నా బాధంతా కార్డు గురించి.

మునుపు ప్రతి బొమ్మ కిందా ఒక కార్డు ఉండేది. పాత శుభలేఖలు కత్తిరించి, వెనకవైపు నీలం స్కెచ్ పెన్నుతో రాసేవాళ్ళు. వేసినవాళ్ళ పేరు, ఊరు, దేంతో వేశారు, ధర. తిప్పి చూస్తే ‘చి.ల.సౌ.’ అని ఎవరిదో సగం పెళ్ళి కనబడేది. ఇప్పుడు ఆ చోట నల్లగళ్ళ చదరం ఒకటి అంటించారు. స్కాన్ చేసుకోవాలట.

మా పెదనాన్న ఒక కలంకారీ గుడ్డ ముందు ఆగిపోయాడు. కాళహస్తిలో పెరిగిన మనిషి. గుడ్డను కరక్కాయ, ఎనుము పాలల్లో నానబెట్టడం, ఇనప తుక్కు, బెల్లం పులియబెట్టి నల్లరంగు తీయడం, స్వర్ణముఖిలో ఉతికి ఇసకలో ఆరేయడం, ఒక్కో రంగుకూ మళ్ళీ అదే చాకిరీ, అన్నీ చెప్పుకొచ్చి చివరికి అడిగాడు: “ఎవురు రాసిందిరా ఇది?”

ఆయనది బటన్ ఫోను. నాది తీశాను. సెల్లార్లో సిగ్నల్ లేదు. చదరాన్ని ఫొటో తీసుకుని, మెట్లెక్కి రోడ్డుమీదికొచ్చి తెరిస్తే ‘త్వరలో’ అని ఉంది. దానికింద మీ కొత్త లోగో గిర్రున తిరుగుతోంది. కిందికెళ్ళి మీ వాలంటీరు పాపను అడిగితే, “ఇక్కడ ఆర్టిస్టు కంటే అనుభూతి ముఖ్యం అంకుల్” అంది. పాపం, ఎవరో నేర్పిన మాట.

ఏమప్పా, ఆ అనుభూతి గుడ్డమీద తనంతట తానే రాసుకుందా? శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఇచ్చిందే ఊరి పేరుమీద. 2008లో కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ ఇచ్చింది పేరు పెట్టి పిలిచి. ఢిల్లీవాళ్ళకు తెలిసిన మర్యాద పక్కూళ్ళో ఉన్న మీకు తెలియదా? మాధవమాల ఊరి కొయ్యబొమ్మ కిందా అదే చదరం. చేతివేళ్ళ గోళ్ళు కూడా విడివిడిగా చెక్కిన మనిషికి రెండు ముక్కల పేరు రాయలేకపోయారు! మీ స్పాన్సరు పేరు మాత్రం అడుగెత్తు అక్షరాల్లో ఉంది. దానికి స్కానింగ్ అక్కర్లేదు, రోడ్డుమీద పోయే బస్సులోంచి చదవొచ్చు. సిగ్గుండాలి.

మీ కష్టం తెలియక కాదు. కొండమీద హుండీ రోజూ నిండే ఊళ్ళో మీ అట్టపెట్టెలో పడేవి పది రూపాయల నోట్లే, వాటిల్లో నావీ ఉన్నాయి. హాలు అద్దెకు మీ జీతాల్లోంచే పెట్టుకునేవాళ్ళు. ఆ బొమ్మలు చూశాకే మా అమ్మాయి పెన్సిలు పట్టింది. అందుకే స్పాన్సరు దొరికాడంటే నాకూ సంతోషమే. ఏసీ ఉంచుకోండి, రెక్కలూ ఉంచుకోండి.

కార్డులు పెట్టండి. శుభలేఖలు లేకపోతే మా అటకమీద కట్టలున్నాయి, పంపిస్తాను. ఆ కలంకారీ ఎవరిదో పెదనాన్న అప్పుడే కాళహస్తికి ఫోన్లు చేసి వాకబు చేస్తున్నాడు. వచ్చే ఆదివారానికీ ఆ చదరమే ఉంటే, స్కెచ్ పెన్నూ గమ్ము సీసా తీసుకుని మేమే వస్తాం. సెక్యూరిటీ అబ్బాయికి చెప్పి ఉంచండి.

ఇట్లు,
మూడు గంటల స్లాటు అంకుల్