గ్రాంథిక ప్యాంటు, వ్యావహారిక లుంగీ

వాడుక భాష కోసం కొట్లాడిన ఇద్దరు పెద్దలూ మా వైపు వాళ్లే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో ఇప్పటి శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు. ఆయనా గురజాడ వారూ మా విజయనగరంలోనే, మహారాజా వారి బడిలో కలిసి చదువుకున్నారు. వాళ్ల పుణ్యమా అని ఇవాళ తెలుగువాడు అరసున్న లేకుండా, బండి ఱ లేకుండా హాయిగా ఉత్తరం రాసుకుంటున్నాడు. భాషను ఒడ్డున పడేసిన ఆ మహానుభావులు మా బట్టల జోలికి మాత్రం రాలేదు. అందుకే నేను 2019లో రిటైరైనా నా బీరువా ఇంకా గ్రాంథికంలోనే ఉంది. పదకొండు ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు, ఏడు ప్యాంట్లు, ఒక సూటు, మూడు టైలు, రెండు జతల బూట్లు. నేను మాత్రం రోజుకు ఇరవై మూడు గంటలు లుంగీలో, అంటే శుద్ధ వ్యావహారికంలో బతుకుతున్నాను. మిగిలిన గంట స్నానం, తువ్వాలు.

రిటైరైన మగవాడు ఆఫీసు బట్టలు ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అన్నది చిన్న సమస్య కాదు. మనుషుల విషయంలో ప్రభుత్వం ఎప్పటికప్పుడు ఏదో ఒకటి తేలుస్తూనే ఉంది. 58 ఏళ్లకు ఇంటికి పొమ్మంది. 2014లో 60 అంది. 2022లో 62 అంది. (నేను మూడేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఆ రెండేళ్ల జీతం నాదే. ఈ విషయంలో మా అమ్మానాన్నల మీద నాకు ఇప్పటికీ చిన్న మనస్తాపం ఉంది.) ఇన్ని జీవోలు ఇచ్చిన ప్రభుత్వం ప్యాంటు పదవీ విరమణ వయసు మీద ఒక్క మెమో కూడా ఇవ్వలేదు. ఆ లోటు మా ఆవిడ పూడ్చింది.

నేను రిటైరైన నెలలోనే బీరువాలో నా రెండు అరల్లో ఒకదాన్ని ఖాళీ చేయించి పట్టుచీరలు పెట్టేసింది. అడిగితే, "మీరు పెన్షన్‌లో నలభై శాతం ముందే ఒకేసారి తీసేసుకుని కమ్యూట్ చేసుకున్నారు కదండీ, ఇదీ అలాంటిదే" అంది. లెక్క తెలిసినవాణ్ణి కనుక వెంటనే ఒక విషయం గుర్తు చేశాను. కమ్యూట్ చేసిన పెన్షన్ పదిహేనేళ్లకు మళ్లీ పూర్తిగా ఇస్తారు, కాబట్టి 2034లో నా అర నాకు రావాలి. "అలాగే, అప్పటికి మీరు గుర్తు చేయండి" అని చీరల మధ్య కలరా ఉండలు పెట్టుకుంది.

ఇక ఆ సూటు. అది 1986 మేలో మామగారు పెట్టినది. మే నెలలో, విజయనగరంలో, కోటు వేసుకుని పెళ్లిపందిట్లో కూర్చున్నవాడికి నరకం గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కోటు సంగతి తర్వాత, ముందు ఆ ప్యాంటు గురించి చెప్పాలి. కుట్టిన టైలర్ గంటస్తంభం వెనక సందులో ఉండేవాడు. కొలత తీసుకుంటూ నా నడుము వైపు ఒకసారి, నాకిచ్చే కట్నం స్టీలు బీరువా వైపు ఒకసారి చూసి, "లోపల గుడ్డ బాగా వదిలినాను బాబూ, ముందు ముందు పనికొత్తాది" అన్నాడు. నాకప్పుడు ఇరవై ఆరు అంగుళాల నడుం. అతను జాతకం చెప్పాడని అప్పుడు నాకు తెలియలేదు.

ఇప్పుడు ఆ ప్యాంటును తిరగేసి వెనక కుట్టు చూడండి. సూటు రంగు మామూలుగా వెలిసిన బూడిదరంగు. కుట్టు పక్కన మాత్రం మూడు చారలు, ఒకదానికన్నా ఒకటి ముదురుగా ఉంటాయి. 1999 పీఆర్సీ, అంటే వేతన సవరణ, వచ్చాక మొదటిసారి విప్పించాను. 2005 పీఆర్సీకి రెండోసారి. 2010 పీఆర్సీకి మూడోసారి. ప్రతిసారీ లోపలి నుంచి ఎండ చూడని కొత్త గుడ్డ ఒక వేలు వెడల్పున బయటికొచ్చేది. చెట్టు మొద్దు నరికితే వలయాలను బట్టి వయసు చెబుతారట, నా ప్యాంటు వెనక కుట్టును బట్టి రాష్ట్ర వేతన సవరణల చరిత్ర చెప్పొచ్చు. 2015 పీఆర్సీకి నాలుగోసారి తీసుకెళ్తే టైలర్ కొడుకు (తండ్రి అప్పటికి పోయాడు) దీపం వెలుతుర్లో కుట్టు చూసి, "ఇంక గుడ్డ లేదు సార్" అన్నాడు. ఆ మాట డాక్టర్లు వరండాలోకి వచ్చి చెప్పే పద్ధతిలో చెప్పాడు.

మరి వేసుకోని సూటు ఎందుకు ఉంచావు అని అడగొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేడ మీద గది కిటికీ ఎగిరిపోయి బీరువాలోకి నీళ్లు పోయాయి. మా వీధికి వారం రోజులు కరెంటు లేదు. మూడో రోజు ఎండ కాస్తే డాబా మీద తాడు కట్టి బట్టలన్నీ ఆరేశాం. ఊళ్లో చెట్లు పడిపోయి, స్తంభాలు విరిగిపోయి, మంచినీళ్లకు బిందెలు పట్టుకుని తిరుగుతున్న జనం మా డాబా వైపు తలెత్తి చూసి, "మాస్టారికి కోటుంది!" అనుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే వీధిలో ఉంటున్నా ఎవరికీ తెలియని ఆ విషయం తుఫాను వల్ల బయటపడింది. అలాంటి కోటును ఎలా పారేస్తాం?

నా తోటివాళ్లు కొందరు ఈ సమస్యను అమానుషంగా పరిష్కరించుకున్నారు. ఉన్న ఆఫీసు బట్టలన్నీ పంచిపెట్టేసి, కొడుకులు విడిచిన టీ షర్టుల్లోకి దిగిపోయారు. మా చిన్నప్పుడు నాన్న పాత చొక్కా కత్తిరించి కొడుక్కి కుట్టించేవారు. ఇప్పుడు కొడుకు బెంగుళూరు నుంచి పండక్కి వచ్చి వెళ్తూ నాలుగు కంపెనీ టీ షర్టులు వదిలేస్తే నాన్న ఏడాది పొడుగునా తొడుక్కుంటాడు. వారసత్వం వెనక్కి నడవడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున అయోధ్య మైదానానికి వెళ్లి చూడండి. దేశంలో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నీ మోకాళ్ల నొప్పులతో చుట్లు కొడుతుంటాయి. ఒకాయన వీపు మీద ఇంగ్లీషులో 'నిద్ర బలహీనులకు' అని రాసుంది. ఆయన మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫోనెత్తడు.

నేనూ ఒకసారి ఆ దారిలో పడ్డాను. ఫలితం శాస్త్రీయంగా నమోదు చేశాను కాబట్టి ఇక్కడ ఇస్తున్నాను.

మేం బతికే ఉన్నామని ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో రుజువు చేసుకోవాలి. ఆ పని మీద ఒక ఆఫీసుకు వెళ్లాను. మొదటి రోజు మా అబ్బాయి టీ షర్టు, పైజామా, హవాయి చెప్పులు. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే, "తాతా, సర్వర్ లేదు. రేపు రా" అన్నాడు. రెండో రోజు జాగ్రత్తపడ్డాను. ఇస్త్రీ బండి దగ్గరికి తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు పట్టుకెళ్తే ఇస్త్రీ అబ్బాయి, "ఏటి మాస్టారూ, పెళ్లికేనేటి?" అన్నాడు. కాదు, బతికున్నానని చెప్పడానికి అన్నాను. అర్థమైనట్టు తలూపి, కాలరు మీద రెండోసారి పెట్టె తిప్పాడు. టక్ చేసి, బెల్టు పెట్టి, బూట్లు తొడిగి, జేబులో పెన్ను గుచ్చి అదే కౌంటరుకు వెళ్లాను. అదే కుర్రాడు లేచి నిలబడినంత పని చేసి, "సార్, సర్వర్ లేదండి. రేపు రండి" అన్నాడు.

గమనించారా? సర్వర్ రెండు రోజులూ లేదు. పని రెండు రోజులూ కాలేదు. మారింది క్రియాపదం ఒక్కటే. 'రా' కాస్తా 'రండి' అయింది. మా వైపు 'నువ్వు' అనడం అగౌరవం కాదు, అలవాటు. అంత చదువుకున్న నేను దానికి బాధపడకూడదు కూడా. అయినా ముప్పయ్యేడేళ్లు బహువచనంలో బతికినవాణ్ణి ఒక్క టీ షర్టుతో ఏకవచనంలోకి తోసేస్తే ఎలా ఉంటుందో, పెన్షన్ తీసుకునేవాళ్లకు తెలుసు. ఇస్త్రీకి ఇరవై రూపాయలు. ఒక 'అండి'కి అది ఎక్కువ ధరేం కాదు.

మూడో రోజు సర్వర్ వచ్చింది. వేలిముద్ర పడలేదు. ఫైళ్లు తిప్పీ తిప్పీ అరిగిపోయిన వేళ్లు. చివరికి కుర్రాడు ఫోను నా ముందు పెట్టి ముఖం చూపించమన్నాడు. నేను కాలరు సర్దుకున్నాను, బెల్టు సరిచేసుకున్నాను. ఫోను తెర మీద ఒక గుండ్రం వచ్చింది. అందులో ముఖం తప్ప ఇంకేమీ పట్టలేదు.

బూట్ల గురించి ఒక హెచ్చరిక, రిటైరైన వాళ్లందరూ రాసుకోవాలి. వాడని బూటును నమ్మకండి. అట్టపెట్టెలో పెట్టి ఏడాదికోసారి పాలిష్ చేసి ఉంచిన బూటు పైకి కొత్తగానే కనిపిస్తుంది. లోపల అడుగు భాగం ఈ సముద్రపు గాలి తేమకు మెల్లగా పాడైపోతుంటుంది. నడుస్తూ ఉండే బూటు కన్నా, కూర్చోబెట్టిన బూటు అడుగే ముందు పొడి అవుతుంది. శ్రీకాకుళంలో ఒక పెళ్లికి వెళ్తే కల్యాణమండపం గుమ్మం నుంచి పెళ్లికొడుకు దాకా పరిచిన ఎర్ర తివాచీ మీద నా వెనకే నల్లటి బొగ్గుపొడిలాంటి గీత పడుతూ వచ్చింది. అక్షింతలు వేసి వెనక్కి తిరిగేసరికి ఎడమ బూటు అడుగు అక్కడే ఉండిపోయింది. ఫొటోగ్రాఫర్ దాన్ని కాలితో పక్కకు తోసి, "సార్, కొంచెం నవ్వండి" అన్నాడు. అప్పుడు కూడా 'నవ్వండి' అనే అన్నాడని గుర్తించాలి. కోటు లేకపోయినా టై ఉంది.

ఆ పెళ్లిలోనే మా బావ కనిపించాడు. ఆయన శ్రీకాకుళంలో మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా పొందూరు ఖద్దరు పంచె, తెల్ల జుబ్బా. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసిన ఆ గుడ్డ ఉతికి గంజి పెట్టి ఆరేస్తే చాలు, గుమాస్తా దగ్గర నుంచి కలెక్టరు దాకా ఎవరైనా లేచి నిలబడతారు. ఉద్యోగంలో ఉన్నప్పుడూ అదే, ఇప్పుడూ అదే, రేపు మనవరాలి పెళ్లికీ అదే. భాషలో చెప్పాలంటే ఆయనది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ల వాడుక భాష. గిడుగు వారు ఆమోదించి ఉండేవారు. "నీ ప్యాంటు పీఆర్సీ వచ్చినప్పుడల్లా అడుగుతాది బావా. పంచె ఏమీ అడగదు" అన్నాడు, జిలేబీ తింటూ. పంచె కుట్టరు కాబట్టి విప్పరు. నాలుగు మూరల నడుముకైనా రెండు మూరల నడుముకైనా అదే పంచె. నేనూ ప్రయత్నించాను. స్కూటర్ ఎక్కిన మొదటి మలుపులోనే గౌరవం జారిపోబోయింది. షాపులో అంటించుకునే పంచెలు అమ్ముతున్నారు. అవి వేసుకుంటే బావ దగ్గర తలెత్తుకోలేను.

మొన్న శనివారం సమస్య నా గుమ్మంలోకి వచ్చింది. పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె గంప దించుకుంది. మా ఆవిడ ఏం మాట్లాడకుండా లోపలికి వెళ్లి సూటు తెచ్చి ఆమె ముందు పడేసింది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. ఒంటి మీద బనీను, లుంగీ.

ఆమె కోటు ఎత్తి లోపలి అస్తరు తడిమి చూసింది. ప్యాంటు తిరగేసి వెనక కుట్టు చూసి, "ఓలమ్మా, ఎన్నిపాల్లు ఇప్పేసినారు! దీనికేటీ రాదు" అని పక్కన పెట్టేసింది. కోటుకు ఒక గరిటె ఇస్తానంది. మా ఆవిడ మూత ఉన్న గిన్నె అడిగింది. నాకు ఆగలేదు. ఇది 1986 సూటు, సామాన్యమైన గుడ్డ కాదు, తుఫానులో కూడా బతికింది అని చెప్పబోయాను. ఆమె నా వైపు చెయ్యి చూపించి, "తాతా, నువ్వుండు. అమ్మగారూ, మీరు సెప్పండి" అంది.

కుర్చీలోంచి లేచాను. ఆమె చేతిలోంచి కోటు తీసుకుని బనీను మీదే తొడిగాను. గుండీలు పడవు కాబట్టి రెండు అంచులూ పొట్ట మీద చేత్తో పట్టుకుని, కింద లుంగీతో, గుమ్మంలో నిటారుగా నిలబడ్డాను. ఆమె కింది నుంచి పైకి ఒకసారి చూసింది. కొంగు సర్దుకుంది.

"అలాగేనండి బాబుగారూ. గరిటితో పాటు సెంచా కూడా ఇచ్చెత్తానండి."